తమ్ముడు మానేసిన తెల్ల గోలీలు

మా తమ్ముడికి నా కిడ్నీ ఒకటి ఇచ్చాను. ఇచ్చి ఏడాది తిరక్కముందే వాణ్ణి నెత్తురు వచ్చేట్టు కొట్టాను. మొదటి సంగతి మా వాడలో అందరికీ తెలుసు, నన్ను చూపించి పిల్లలకు కూడా చెప్పేవాళ్లు. రెండోది మా ఇంటి గడప దాటలేదు. ఇప్పుడు వాడూ లేడు, మా అవ్వా లేదు. అందుకే రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో గోడ నుంచి గోడ దాకా మగ్గం, దాని ముందు మా బాపు. బాపు అంటే మా నాన్న, అవ్వ అంటే అమ్మ. చేతిలో ఎప్పుడూ పంజా ఉండేది. పులి గోళ్లలాగా వంగిన పళ్లున్న ఇనుప పనిముట్టు అది. పడుగులో దూర్చిన పేకను దాంతో కిందికి దించి కొడతారు. పొద్దున లేచింది మొదలు మా ఇంట్లో ఆ చప్పుడే. చప్పుడు ఆగిందంటే బాపు మగ్గం మీద నుంచి లేచాడని అర్థం. లేచాడంటే ఎవరికో ఒకరికి దెబ్బలు.

ఆయనకు మాట కంటే ముందు చేయి లేచేది. కూరలో కారం తక్కువైనా, రంగు కలపడంలో తేడా వచ్చినా, ఎవరో బజార్లో ఏదో అన్నా మా అవ్వ వీపు మీద పడేది. అవ్వ ఆ కోపం మా మీద తీర్చుకునేది. నేను మా తమ్ముడి మీద తీర్చుకునేదాన్ని. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న. వాడికింద ఇంకెవరూ లేరు. ఉన్నా కొట్టేవాడు కాదనే అనుకుంటాను. మా ఇంట్లో చేయి లేవని మనిషి వాడొక్కడే.

డెబ్బైల మొదట్లో, వాడికి పదిహేనేళ్లప్పుడు, ఒక రోజు బాపు పంజా పిడితో అవ్వను కొడుతున్నాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని చూస్తున్నాను. చూడటం అలవాటైపోయింది. తమ్ముడు వచ్చి బాపు మణికట్టు పట్టుకున్నాడు. వదలలేదు. బాపు రెండో చేత్తో పక్కనున్న కర్ర అందుకుని వాడి ఎడమ చేయి విరగ్గొట్టాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని నెలన్నర తిరిగాడు వాడు. ఆ తర్వాత వాడు ఇంట్లో ఉన్నంతసేపు బాపు అవ్వ మీద చేయి వేయలేదు. వాడు బయటికి పోబోతుంటే అవ్వ ఏదో ఒక పని చెప్పి కూర్చోబెట్టుకునేది.

పక్షవాతం వచ్చి బాపు పోయాడు. మగ్గం తమ్ముడి చేతికొచ్చింది. అప్పటికే నన్ను కాశిబుగ్గలో ఇచ్చారు. మా ఆయన మిల్లులో పని. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి దగ్గర్లో ఒక చిన్న బడిలో పంతులమ్మగా చేరాను. నేనూ పిల్లలను స్కేలుతో కొట్టేదాన్నే. అదంతా మామూలే అనుకునేదాన్ని.

తమ్ముడికి పరకాల పిల్లను చేశాం. పెళ్లయిన నాలుగేళ్లలో వాడు భార్యను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఒక్కసారి అరవను కూడా లేదు. అవ్వకు అది వింతగా ఉండేది. కోడలు పెట్టిపుట్టిందని ఒకసారి, వీడికి మగతనం తక్కువని ఒకసారి అనేది. ఒక ఆడపిల్ల పుట్టింది వాళ్లకు.

ఆ పిల్లకు రెండేళ్లు నిండినప్పుడు వాడికి జబ్బు బయటపడింది. పొద్దున లేస్తే మొహం ఉబ్బేది. అన్నం సయించేది కాదు, తిన్నది వాంతయ్యేది. మగ్గం మీద కూర్చుని ఆయాసపడేవాడు. పెద్ద దవాఖానలో చూపిస్తే రక్తం పరీక్ష చేసి, వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అక్కడ చెప్పారు, రెండు కిడ్నీలూ పోయాయని. యంత్రం మీద కొన్నాళ్లు నడుపుతాం, ఇంట్లోవాళ్లెవరైనా ఒక కిడ్నీ ఇస్తే మార్చి పెడతాం అన్నారు. ఎనభైల నడుమ సంగతి. వరంగల్‌లో మాకు తెలిసినవాళ్లెవరికీ అలాంటి ఆపరేషన్ కాలేదు. అవ్వకు బీపీ. మరదలి రక్తం కలవలేదు. నాది కలిసింది.

మా ఆయనకు చెప్పిన రోజు ఆయన అన్నం తింటున్నాడు. తింటున్న చేత్తోనే కొట్టాడు. నా చెంప మీద అన్నం మెతుకులు అంటుకున్నాయి. నీకేమన్నా అయితే పిల్లల గతేమిటని మళ్లీ కొట్టాడు. నేను మొహం కడుక్కుని, బట్టలు సర్దుకుని బస్సెక్కాను. ఆపరేషన్ నాటికి ఆయన కూడా వచ్చాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని రెండు రోజులు కూర్చున్నాడు.

నాకు స్పృహ వచ్చాక మొదట అడిగింది తమ్ముడి గురించే. మూత్రం వస్తోంది, బాగా వస్తోంది అని నర్సు నవ్వుతూ చెప్పింది. ఆ మాట విని అంత సంతోషం నాకు నా కొడుకు పుట్టినప్పుడు కూడా కలగలేదు.

ఇంటికి పంపే ముందు పెద్ద డాక్టరు మా అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఈ కిడ్నీ నీ అక్కదే అయినా నీ ఒంటికి అది పరాయిదే, ఒళ్లు దాన్ని కొట్టి చంపాలని చూస్తుంది, ఈ మందు గోలీలు ఒంటి చేతులు పట్టుకుని ఆపుతాయి, ఒక్క రోజు వదిలినా కొట్టుడు మొదలవుతుంది, బతికినంత కాలం వేసుకోవాలి. రెండు రకాలిచ్చారు. చిన్న పచ్చ గోలీలు, తెల్ల గోలీలు. పచ్చవి వరంగల్ మందుల షాపుల్లో దొరికేవి కావు. నెలకోసారి పరీక్షకు పోయినప్పుడు తెచ్చుకోవాలి. ఉప్పు బాగా తగ్గించమన్నారు.

మొదటి నెల పండగలాగా ఉండింది. రెండో నెలకు వాడి మొహం చంద్రుడిలాగా గుండ్రమైంది. మెడ వెనక కండ పెరిగింది. ఆకలికి ఆగలేకపోయేవాడు. నిద్ర పట్టేది కాదు. వాడలో పిల్లలు బూరెమొహం అని పిలిచేవాళ్లు. దానికి వాడేమీ అనుకోలేదు. తర్వాత కోపం మొదలైంది.

ఉప్పులేని పప్పు పెట్టిందని పళ్లెం ఎత్తి అవ్వ మీదికి విసిరాడు. అవ్వ నుదురు చిట్లింది. రంగు అద్దే ముసలాయన నూలు ఆలస్యం చేశాడని ఆయన గల్లా పట్టి గోడకేసి కొట్టాడు. నలుగురు విడిపించాల్సి వచ్చింది. ఇదంతా మా వాడనా అని నాకు ఆశ్చర్యం. అవ్వకు మాత్రం ఆశ్చర్యం లేదు. నుదుటికి పసుపు అద్దుకుంటూ, వీనిల మీ బాపు వచ్చి కూసున్నడు అంది. నేనూ అదే నమ్మాను. రక్తంలో ఉన్నది ఎన్నాళ్లు దాగుతుంది అనుకున్నాను. డాక్టరుకు చెప్పాల్సిన సంగతని మాకెవరికీ తోచలేదు. ఇంట్లో కొట్లాట డాక్టరుకు ఎవరు చెబుతారు?

ఐదో నెల దాటాక వాడు మెల్లగా చల్లబడ్డాడు. మొహం తగ్గింది. అందరితో మెత్తగా మాట్లాడాడు. మరదలు తల మీద గాయమై కొన్నాళ్లు గుడ్డ కట్టుకుని తిరిగింది. మగ్గం మీది దుంగ పడిందని చెప్పారు. నమ్మాను. మగ్గం పని బాగా వచ్చిందని రెండు నెలలు వాడు పరీక్షకు పోలేదు. వాడి బదులు నేనే హైదరాబాద్ పోయి గోలీలు తెచ్చాను. ఎట్లున్నాడని డాక్టరు అడిగితే, మంచిగున్నడు సార్, మొహం గూడ తగ్గింది, కోపం గూడ పోయింది అని చెప్పాను. నేనే చెప్పాను. డాక్టరు అనుమానంగా చూసి, మొహం అప్పుడే తగ్గిందా, వచ్చే నెల తప్పకుండా మనిషిని తీసుకురా అన్నాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

పదో నెలలో ఒక ఆదివారం పొద్దున నేను కొత్తవాడ పోయాను. తమ్ముడు మగ్గం మీద ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. లేచేటప్పుడు వాడి పాదాలు చూశాను. చెప్పుల పట్టీలు ఉన్నచోట లోతుగా గుంటలు పడ్డాయి. వేలితో నొక్కితే నొక్కిన చోట అలాగే ఉండిపోయింది. ఒంటి మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది. పొట్ట కింద, కిడ్నీ పెట్టిన చోట, అంగీ మీది నుంచే తాకాను. పళ్లు బిగబట్టాడు.

గోలీలు వేసుకుంటున్నావా అని అడిగాను.

"ఏస్కుంటున్న అక్కా" అన్నాడు, కళ్లు దించి.

గోలీల డబ్బా గూట్లో ఉండేది. తీసి చూస్తే పచ్చవి లెక్క ప్రకారమే ఉన్నాయి. తెల్లవి లేవు. అయిపోయాయేమో అనుకున్నాను. కానీ వేసుకుని అయిపోయి ఉంటే వాడి పాదాలు అలా ఎందుకు ఉబ్బుతాయి? ఇల్లంతా వెతికాను. నూలు కట్టలు పెట్టే ఇనుప పెట్టెలో అడుగున ఒక సంచి దొరికింది. నేను హైదరాబాద్ నుంచి తెచ్చిన తెల్ల గోలీలన్నీ అందులో ఉన్నాయి. కొన్ని పొట్లాలు విప్పనైనా విప్పలేదు.

తర్వాత నేను చేసింది ముక్కముక్కలుగా గుర్తుంది. పడుగు సరిచేసే వెదురు కర్ర ఒకటి గోడకు ఆనించి ఉంది. అది అందుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ మీద. వాడు వెనక్కి తిరిగి మగ్గం దుంగను రెండు చేతులా పట్టుకున్నాడు. నేను వీపు మీద కొడుతూ పోయాను.

"అది నాదిరా. నా పానంల ముక్క. దాన్ని సంపెతందుకు నీకేం హక్కుంది?"

వాడు కాళ్లు గట్టిగా నేలకు తన్నిపెట్టి నిలబడ్డాడు. దుంగను వదల్లేదు. నాకు అది పొగరులాగా కనిపించింది. కర్ర విరిగింది. జుట్టు పట్టి మొహం ఇటు తిప్పి చెంపల మీద కొట్టాను. నా గాజులు పగిలి వాడి పెదవి చీరుకుపోయింది. గడ్డం మీది నుంచి నెత్తురు నేస్తున్న జంపఖానా మీద పడింది. అవ్వ అడ్డం వస్తే ఒక్క తోపు తోశాను. అరవై దాటిన మనిషి గడప మీద పడింది. నాకు ఆగాలని లేదు. నిజం చెప్పాలంటే, ఎంతో కాలంగా మూసి ఉన్న తలుపు తెరుచుకున్నట్టు ఒళ్లంతా తేలికగా ఉంది. బాపుకు ప్రతి రోజూ ఇలాగే ఉండేదేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నన్ను ఆపింది మరదలు. పిల్లను కింద దించి, వచ్చి నా ఎదురుగా నిలబడింది. కొప్పు విప్పి జుట్టు పక్కకు తీసింది. చెవి పైభాగం లేదు. దాని మీద నుంచి నడినెత్తి దాకా నాలుగు గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. ఆ గీతల్లో వెంట్రుక మొలవలేదు.

"దుంగ పడలే వదినె. పంజా ఇసిరిండు. పిల్ల నా సంకల ఉండె."

ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. ఆ రోజు వాడు ఉప్పు అడిగాడట. డాక్టరు వద్దన్నాడు కదా అన్నదట. అంతే, చేతిలోది విసిరాడు. పిల్ల తలకు జానెడు దూరంలో నుంచి పోయి తల్లి చెవి కోసింది. నెత్తురు పిల్ల మొహం నిండా పడితే, దెబ్బ పిల్లకే తగిలిందనుకుని వాడు నేల మీద కూలబడ్డాడట. అవ్వ అప్పుడు బజారుకు పోయి ఉంది. పక్కింటి ఆమెకు దుంగ పడిందని చెప్పి కుట్లు వేయించుకు వచ్చారు. ఈ కోపం ఎప్పటి నుంచి వచ్చిందో వాడు కూర్చుని లెక్క వేసుకున్నాడట. పచ్చవి వేసుకున్నప్పుడు ఏమీ కాదు, తెల్లవి వేసుకున్న గంటకు ఒళ్లు మండుతుంది, కళ్లు ఎర్రబడతాయి, ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది. మర్నాటి నుంచి తెల్లవి సగం చేశాడు. పదిహేను రోజులకు పావు. తర్వాత పూర్తిగా మానేశాడు.

మానితే చచ్చిపోతావు కదా అని నువ్వైనా అనలేదా అని అడిగాను.

"సస్తవని అన్న. ఏస్కుంటె నేను బాపునైత అన్నడు. బాపునై బతికేకంటె ఇట్లనే నయమన్నడు. నాకుగూడ భయమైంది వదినె. మానినంక ఇల్లు సల్లవడ్డది. నేను నోరు మూసుకున్న."

వాడు ఇంకా దుంగ పట్టుకునే ఉన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. నేను కొడుతున్నంతసేపు వాడి చేతులు వెనక్కి తిరిగి నా మీద లేవకుండా, వాటిని అక్కడ పెట్టుకున్నాడు. కర్ర ముక్క నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. అవ్వను లేపి కూర్చోబెట్టాను. ఆమె మోకాలు నీలంగా కమిలింది. నా వైపు చూసిన చూపు మాత్రం కొత్తది కాదు. చిన్నప్పుడు బాపు వైపు అలాగే చూసేది.

ఆ మధ్యాహ్నమే రైలెక్కాం. తమ్ముడు, మరదలు, నేను. పిల్లను అవ్వ దగ్గర వదిలాం. కాజీపేట దాటాక వాడికి వాంతి అయింది. చీరిన పెదవి ఉబ్బి మాట ముద్దగా వస్తోంది. నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. వాడే పలకరించాడు.

"అక్కా, ఒకటి అడుగుత. ఇచ్చినంక అది నాదా, నీదా?"

నేను తల తిప్పి వాడి వైపు చూశాను.

"నీదైతే నువ్వే ఏస్కో గోలీలు. నాదైతె నన్ను జర అడుగుండ్రి, ఎందుకు మానినవని. ఒక్కరన్న అడిగిండ్రా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. జనగామలో రైలు ఆగింది. నీదే తమ్మీ అని అప్పుడు అన్నాను. వాడు నిద్రపోయాడో, కళ్లు మూసుకున్నాడో తెలియదు.

దవాఖానలో పెద్ద డాక్టరు రక్తం పరీక్ష చూసి కాగితాలు బల్లకేసి కొట్టాడు. ఇంత చదువుకున్న అక్క ఉండి ఇదేం పని అని నన్ను తిట్టాడు. మీలాంటి వాళ్లకు కిడ్నీ పెట్టడమే దండగ అన్నాడు. తమ్ముడు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన కింద పనిచేస్తూ నెలనెలా తమ్ముణ్ణి పరీక్ష చేసే ఒక చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్ని పక్క గదిలోకి తీసుకుపోయింది. ఎందుకు మానేశావని అడిగింది. వాడు భార్య వైపు చూశాడు. మరదలు మళ్లీ కొప్పు విప్పింది.

ఆమె ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత తెల్ల గోలీల సంగతి చెప్పింది. అవి కొందరికి నిద్ర చెడగొడతాయి, కోపం తెస్తాయి, మనసును తలకిందులు చేస్తాయి. మోతాదు ఎక్కువున్నప్పుడే ఇది జోరుగా ఉంటుంది. నెలనెలా తగ్గిస్తూనే పోతారు, ఇంకో రెండు మూడు నెలలైతే చాలా తగ్గేది. చెప్పి ఉంటే ముందే ఏదో ఒక దారి చూసేవాళ్లం అంది.

"ప్రతిసారి ఆకలి ఎట్లుంది, మూత్రం ఎట్లుంది అని అడిగిన. కోపం ఎట్లుందని నేనెన్నడు అడగలే. అది నా తప్పే" అంది తమ్ముడితో.

ఒక డాక్టరు నోట తప్పు అనే మాట వినడం నాకు అదే మొదలు. తమ్ముడు అప్పుడు ఏడ్చాడు. అది మా బాపు కాదన్నమాట, గోలీ అన్నమాట అని వాడు రెండుసార్లు అనుకున్నాడు, తనలో తను. ఆమె వెంటనే తల ఊపేయలేదు. గోలీ కోపం తెస్తుంది, చేతికి ఏం దొరుకుతుందనేది నువ్వు చూసుకోవాలి అంది.

కిడ్నీని కాపాడాలంటే అదే మందు ఇంకా పెద్ద మోతాదులో రక్తంలోకి ఎక్కించాలి. మూడు రోజులు. వాడు భార్యను వార్డులో ఉండవద్దన్నాడు. నన్ను కూడా మంచానికి దూరంగా కూర్చోమన్నాడు. రెండో రోజు వాడి మొహం ఎర్రగా కందిపోయింది. పక్క మంచం మనిషి రేడియో పెడితే ఆపమని అరిచాడు. సూది పీకేసుకున్నాడు. మందు సీసా వేలాడదీసే ఇనుప కొక్కేన్ని లాగి కింద పడేశాడు. ఇద్దరు వార్డుబాయిలు వచ్చి ఛాతీ మీద మోకాళ్లు పెట్టి పట్టుకుంటే, వాళ్ల కింద గింజుకుంటూ నా వైపు చూసి, బయటికి పో అక్కా, పో అని అరిచాడు. నేను పోలేదు. వాళ్లు వదిలాక గోడను గుద్దాడు. గుద్దిన చేతి వేళ్ల ఎముక విరిగింది. మనిషిని గుద్దలేదు.

కిడ్నీ దక్కింది. ముందున్నంత లేదు, సగం పైన పనిచేస్తుంది అన్నారు. తెల్ల గోలీలు మళ్లీ మొదలుపెట్టి, వారం వారం తగ్గించే పద్ధతి కాగితం మీద రాసిచ్చారు. రాత్రి పడుకోవడానికి వేరే ఒకటి ఇచ్చారు.

వరంగల్ వచ్చిన మర్నాడు వాడే భార్యనూ పిల్లనూ పరకాల బస్సెక్కించాడు. మోతాదు తగ్గేదాకా అక్కడే ఉండండి అన్నాడు. నాలుగు నెలలు. ఆదివారం ఆదివారం పోయి చూసి వచ్చేవాడు. ఆ నాలుగు నెలలు గోలీలు వేయించే పని అవ్వది. అవ్వ ఎదురుగా కూర్చునేది, వాడు నోరు తెరిచి చూపించేవాడు. ఒళ్లు మండినప్పుడు మగ్గం వదిలి బయటికి నడిచేవాడు. ఎండలో ఒక్కడే చాలా దూరం పోయి, చెమటతో తిరిగి వచ్చి మళ్లీ కూర్చునేవాడు. పంజా లేకుండా ఆ పని చేయలేడు కాబట్టి, మగ్గాన్నే ఇంట్లోంచి తీసి వాడ చివర ఒక షెడ్డులో వేసుకున్నాడు.

మరదలు తిరిగి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. లోపలికి రాకుండా వాకిట్లో నిలబడి, మా అందరి ముందు చెప్పింది.

"సెయ్యి లేస్తె నేను పోత. గోలీలు మానినా పోత. రెండు ఒక్కటే నాకు."

వాడు సరే అన్నాడు.

ఆ తర్వాత చేయి లేవలేదని రాయాలని ఉంది. ఒకసారి లేచింది. మూడో ఏట, గోలీలు చాలా తగ్గాక, ఏదో చిన్న మాటకు. గోలీ మీద నెట్టడానికి లేదు. మరదలు అన్న మాట ప్రకారం పిల్లను తీసుకుని పరకాల పోయింది. వాడు పోయి బతిమాలలేదు. పోయి తన అత్తామామల ముందు నేను కొట్టాను అని చెప్పి, తిరిగి వచ్చాడు. నెల తర్వాత ఆమె వచ్చింది. ఆమె లేని ఆ నెలలో కూడా ఒక్క పూట గోలీ తప్పలేదని, డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె మూత తీసి చూడలేదు. అక్కరలేదంది.

నేను వాణ్ణి కొట్టిన సంగతి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను క్షమించమని అడగలేదు. మా ఇళ్లలో ఆ మాట అలవాటు లేదు, నోరు తిరగదు. బడిలో స్కేలు మాత్రం బల్ల సొరుగులో పెట్టేశాను. అప్పుడప్పుడు తీసేదాన్ని, అబద్ధం ఎందుకు. తీసిన ప్రతిసారీ వాడి పెదవి కనిపించేది.

వాడు ఇంకో నాలుగేళ్లు బతికాడు. కిడ్నీ బాగానే ఉంది. ఒక వానాకాలం దగ్గు పట్టుకుంది. ఆ గోలీలు కిడ్నీని కొట్టకుండా ఒంటి చేతులు కట్టేస్తాయి కదా, అవే చేతులు రోగాన్ని కూడా కొట్టలేవు. టీబీ అన్నారు. ఊపిరితిత్తుల నిండా పాకింది. హైదరాబాద్‌లో ఇరవై రోజులున్నాడు. గోలీలు తప్పించావా అని అక్కడ ఎవరో అడిగితే, లేదు సార్, ఒక్కటి గూడ లేదు, నా పిల్లనడుగుండ్రి అన్నాడు. అది నిజం, అప్పటికి రోజూ డబ్బా తీసి ఇచ్చేది కూతురే. చెప్పినవన్నీ వేసుకున్నాడు, అయినా పోయాడు. నా కిడ్నీ వాడితోనే పోయింది. నాది అనకూడదు. వాడి కిడ్నీ.

పదిహేనో రోజు అయ్యాక మరదలు మిగిలిన గోలీలు నా చేతికిచ్చింది, ఎవరికన్నా పనికొస్తయేమో వదినె అని. నేను వాటిని హైదరాబాద్ తీసుకుపోయాను. డాక్టరమ్మ అప్పటికి వేరే ఊరు పోయింది. నర్సు తేదీలు చూసి, బాగానే ఉన్నాయి అని, వరసలో కూర్చున్న ఒకామెను చూపించింది. నల్లగొండ వైపు మనిషి. ఆమె కూతురికి ఆపరేషనై మూడు నెలలైంది. పిల్ల పక్కనే కూర్చుని ఉంది, గుండ్రటి మొహంతో, నేల చూస్తూ.

గోలీలు ఇచ్చి, అన్నీ సక్కగా వేసుకుంటుందా అని అడిగాను. వేసుకుంటుందంది తల్లి. కోపం వస్తోందా అని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"కోపం రాదు. ఊకె ఏడుస్తది. సచ్చిపోత అంటది. పానం మంచిగైతాంటె గీ ఏడుపేందని రెండు దెబ్బలు ఏసిన నిన్న."

ఆ పిల్ల తల ఇంకా కిందికి వంచింది. నేను ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. నా చేతులు చీర కుచ్చిళ్లలో దాచుకున్నట్టు గుర్తు.

"కొట్టకు. గోలీలు అట్ల చేస్తయి. లోపలికి పోయినంక ముందుగాల డాక్టరుకు గదే చెప్పు. వాళ్లు అడగరు, నువ్వే చెప్పాలె" అన్నాను.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. వాళ్ల వంతు రాగానే గోలీలు కొంగుకు ముడేసుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది. నేను బస్సు టైము అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.